విద్యా ఋణం – వడ్డీ లెక్క
(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వేతన ఒప్పందం కుదిరిన రోజున పెరిగిన రూపాయలను మనం లెక్క పెట్టుకుంటాము. వాటిలో ఇంటి ఖర్చుకు మిగిలేవి ఎన్ని, వడ్డీ రూపంలో వెళ్ళిపోయేవి ఎన్ని అన్న లెక్క మాత్రం మన శిక్షణ తరగతులలో అరుదుగా జరుగుతున్నది. పిల్లల చదువు కొరకు చేసిన అప్పు గురించి సలహా అడిగే సభ్యుల సంఖ్య మా కార్యాలయాలలో ఏటేటా పెరుగుతున్నది. వారిలో చాలమంది అడిగే ప్రశ్న ఒకటే: "నాలుగు లక్షలే కదా తీసుకున్నాము, బ్యాంకు అయిదు లక్షల నలభై వేలు అంటున్నదేమి?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల కార్యకర్త ప్రతి యూనియన్‌లోను ఉండాలి. ఈనాటి ప్రసంగం ఉద్దేశం అదే.

ఈ ఋణం ఎట్లా వచ్చింది

1966లో కొఠారీ కమీషన్ విద్యపై జాతీయాదాయంలో 6 శాతం వెచ్చించాలని సిఫారసు చేసినది. ప్రభుత్వాలు ఆ గమ్యాన్ని చేరలేదు. ఉన్నత విద్యలో స్వయం పోషక కళాశాలలు పెరిగిన కొద్దీ ఫీజుల భారం కుటుంబాల మీదికి మారుతూ వచ్చింది. ఆ భారాన్ని మోయడానికి చూపిన మార్గం బ్యాంకు ఋణం. 2001లో ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ ఒక నమూనా విద్యా ఋణ పథకాన్ని రూపొందించగా, దానిని అమలు జరపవలసిందిగా రిజర్వు బ్యాంకు వాణిజ్య బ్యాంకులకు సూచించినది. ఆ తరువాత పథకాన్ని పలుమార్లు సవరించారు. 2015లో పరపతి హామీ నిధి ఏర్పడిన పిదప 7 లక్షల 50 వేల రూపాయల వరకు తనఖా గాని, మూడవ వ్యక్తి జామీను గాని లేకుండా ఋణమిచ్చే ఏర్పాటు వచ్చింది.

ఇది కొంత మేలే. కాని పత్రం మీద విద్యార్థి సంతకం పక్కన తల్లి లేక తండ్రి సంతకం ఉంటుంది. ఆ సంతకం కేవలం సాక్షి సంతకం కాదు. సహ ఋణగ్రహీత సంతకం. అప్పు తీర్చే బాధ్యత ఇద్దరిదీ సమానమే. 52 ఏళ్ళ కార్మికుడు సంతకం చేస్తే, నాలుగేళ్ళ చదువు, ఆపై ఒక సంవత్సరం గడిచి మొదటి వాయిదా వచ్చేసరికి అతనికి 57 ఏళ్ళు నిండుతాయి. పదేళ్ళ వాయిదాలు ముగిసేసరికి 67. అంటే వాయిదాలలో ఎక్కువ భాగం పదవీ విరమణ తరువాతి కాలంలో పడతాయి. కనుక ఇది విద్యార్థి సమస్య మాత్రమే కాదు, కార్మికుని వృద్ధాప్యానికి సంబంధించిన సమస్య కూడా.

వడ్డీని కొలిచే రెండు భాషలు

మన ఊళ్ళలో వడ్డీని రూపాయలలో చెప్పుకుంటారు. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు ఒక రూపాయి. సంవత్సరానికి 12 శాతం. రెండు రూపాయల వడ్డీ 24 శాతం, మూడు రూపాయల వడ్డీ 36 శాతం. బ్యాంకు మాత్రం సంవత్సర లెక్కన శాతం చెబుతుంది. బ్యాంకు చెప్పే 10 శాతం మన ఊరి లెక్కలో నూటికి నెలకు 83 పైసలు.

ఈ పోలిక ఎందుకంటే, 10 శాతం అన్న మాట విని భయపడి ప్రోనోటు మీద రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకున్న కుటుంబాలు ఉన్నవి. ఆంధ్రప్రదేశ్‌లో 2008లో మొదలై, రాష్ట్ర విభజన తరువాత రెండు రాష్ట్రాలలోను వేర్వేరు పేర్లతో సాగిన ఫీజుల చెల్లింపు పథకంలో నిధుల విడుదల ఆలస్యమైనప్పుడు, కళాశాలకు కట్టవలసిన డబ్బు కొరకు కుటుంబాలు ప్రైవేటు వడ్డీకి పరుగెత్తుతున్నవి. లక్ష రూపాయలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 వేలు. బ్యాంకులో అదే లక్షకు 10 వేలు. అప్పు తప్పనిసరి అయినప్పుడు ముందుగా తట్టవలసిన తలుపు బ్యాంకుదే.

విరామం వాయిదాకే, వడ్డీకి కాదు

నమూనా పథకం ప్రకారం చదువు సాగినంత కాలము, ఆపై ఒక సంవత్సరము వాయిదాలు కట్టనవసరం లేదు. దీనిని మారటోరియం అంటారు, మనం విరామకాలం అందాము. అసలు పొరపాటు అభిప్రాయం ఏర్పడేది ఇక్కడనే. వాయిదా లేదు గనుక వడ్డీ కూడా లేదని చాలమంది అనుకుంటారు. డబ్బు కళాశాల ఖాతాకు వెళ్ళిన రోజు నుండి వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అడగరు, అంతే.

ఒక లెక్క చూద్దాము. సులువు కొరకు వడ్డీ రేటు 10 శాతంగా, అది మారకుండా ఉన్నట్లుగా తీసుకుందాము. నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువు. ఏటా మొదట్లో లక్ష రూపాయల చొప్పున నాలుగు లక్షలు బ్యాంకు విడుదల చేసినది. విరామకాలం అయిదేళ్ళు.

మొదటి లక్ష మీద అయిదేళ్ళ వడ్డీ 50 వేలు. రెండవ లక్ష మీద నాలుగేళ్ళకు 40 వేలు. మూడవ లక్ష మీద మూడేళ్ళకు 30 వేలు. నాలుగవ లక్ష మీద రెండేళ్ళకు 20 వేలు. మొత్తం 1 లక్ష 40 వేలు. ఇది బారువడ్డీ, అనగా వడ్డీ మీద వడ్డీ లేని లెక్క. విరామకాలంలో బారువడ్డీనే వేయాలని నమూనా పథకం చెబుతున్నది. విరామకాలంలోనే నెలనెలా చక్రవడ్డీ కట్టినట్లయితే ఇదే అప్పు అయిదేళ్ళ చివరకు 5 లక్షల 40 వేలకు బదులు సుమారు 5 లక్షల 70 వేలు అయ్యేది. అందుచేత ఏ ప్రైవేటు ఋణ సంస్థ పత్రంపైనైనా సంతకం చేసేముందు "విరామకాలంలో బారువడ్డీయా, చక్రవడ్డీయా?" అని అడిగి తీరాలి. ఈ ఒక్క మాట విలువ మన ఉదాహరణలో 30 వేల రూపాయలు.

వడ్డీ అసలుగా మారే రోజు

విరామకాలం ముగిసిన రోజున ఖాతాలో ఒక మార్పు జరుగుతుంది. అంతవరకు పక్కన పేరుకున్న 1 లక్ష 40 వేల వడ్డీని అసలు నాలుగు లక్షలతో కలుపుతారు. అప్పటి నుండి అసలు 5 లక్షల 40 వేలు. సభ్యుడు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. నిన్నటి వరకు వడ్డీగా ఉన్న సొమ్ము ఆనాటి నుండి అసలై, తానే వడ్డీని కనడం మొదలు పెడుతుంది.

5 లక్షల 40 వేలను పదేళ్ళలో, 120 వాయిదాలలో తీర్చాలంటే నెలకు సుమారు 7,136 రూపాయలు. పదేళ్ళలో కట్టే మొత్తం సుమారు 8 లక్షల 56 వేలు.

ఇప్పుడు రెండవ మార్గం చూడండి. చదువు సాగుతుండగానే ఏ నెల వడ్డీ ఆ నెల కుటుంబం కట్టినదనుకుందాము. మొదటి సంవత్సరం నెలకు 833 రూపాయలు, రెండవ సంవత్సరం 1,667, మూడవ సంవత్సరం 2,500, చివరి రెండు సంవత్సరాలు 3,333. మొత్తం అదే 1 లక్ష 40 వేలు. కాని విరామకాలం ముగిసేసరికి అసలు నాలుగు లక్షలుగానే నిలుస్తుంది. వాయిదా 7,136 కాక 5,286 అవుతుంది. ముందు కట్టిన 1 లక్ష 40 వేలు కలిపినా మొత్తం చెల్లింపు 7 లక్షల 74 వేల చిల్లర. మిగులు 82 వేలు. ఇట్లా చదువు కాలంలోనే వడ్డీ కట్టేవారికి వడ్డీ రేటులో 1 శాతం రాయితీ ఇచ్చే వీలును కూడ నమూనా పథకం కల్పించినది. దానిని అడిగి తీసుకోవలసి ఉంటుంది.

నెలకు మూడు వేలు కట్టగల స్థితి అందరికీ లేదని మాకు తెలుసు. ఒప్పంద కార్మికునికి, అంగన్‌వాడీ కార్యకర్తకు మొదటి ఏడాది 833 రూపాయలే బరువు కావచ్చు. కట్టగలిగినంత కట్టినా మేలే. వడ్డీలో ఒక వెయ్యి రూపాయలు విరామకాలం ముగియక ముందే తీరిస్తే, పదేళ్ళ వాయిదాలలో 1,586 రూపాయలు కట్టే అవసరం తప్పుతుంది.

వాయిదా లోపల ఏమున్నది

పైన చెప్పిన 7,136 రూపాయల మొదటి వాయిదాలో 4,500 వడ్డీకి పోతుంది. అసలుకు జమ అయ్యేది 2,636 మాత్రమే. నెల నెలకు ఈ నిష్పత్తి మారుతుంది. అయినా అయిదేళ్ళ పాటు క్రమం తప్పకుండా 4 లక్షల 28 వేలు కట్టిన తరువాత కూడ ఇంకా 3 లక్షల 36 వేల బాకీ ఉంటుంది. సగం కాలం గడిచినా సగం అప్పు తీరలేదేమని సభ్యులు ఆందోళన పడతారు. బ్యాంకు మోసం చేసిందని కొందరనుకుంటారు. ఇది మోసం కాదు, సమాన వాయిదాల పద్ధతి స్వభావమే ఇది. మొదటి సంవత్సరాలలో బాకీ ఎక్కువ గనుక వడ్డీ ఎక్కువ.

ఇందులోనే మనకు ఉపయోగపడే సూత్రమొకటి ఉన్నది. బోనస్ వచ్చినప్పుడో, వేతన బకాయిలు అందినప్పుడో అదనంగా కట్టదలచినవారు మొదటి సంవత్సరాలలో కట్టాలి. ఆ సొమ్ము నేరుగా అసలును తగ్గిస్తుంది. మారే వడ్డీ రేటు ఋణాలకు ముందస్తు చెల్లింపుపై జరిమానా వేయరాదు.

కాలం పొడిగింపు గురించి కూడ చెప్పాలి. నమూనా పథకం 15 ఏళ్ళ వరకు అనుమతిస్తున్నది. అదే అప్పుకు 15 ఏళ్ళయితే వాయిదా సుమారు 5,803 రూపాయలకు తగ్గుతుంది. వినడానికి బాగుంటుంది. కాని మొత్తం చెల్లింపు 10 లక్షల 44 వేలు దాటుతుంది. నెలకు 1,333 రూపాయల ఊరట కొరకు చెల్లించే ధర 1 లక్ష 88 వేలు. ఉద్యోగం దొరకనివారికి, జీతం చాలనివారికి ఇది అవసరం కావచ్చు. ఏ ధరకు ఆ ఊరట కొంటున్నామో తెలిసి ఎంచుకోవాలి.

మారే వడ్డీ రేటు

మన ఉదాహరణలో రేటును కదలకుండా నిలిపి ఉంచాము. వాస్తవంలో అది కదులుతుంది. రిజర్వు బ్యాంకు 2022 మే నుండి 2023 ఫిబ్రవరి వరకు రెపో రేటును 4 శాతం నుండి 6.5 శాతానికి పెంచినది. 2025లో తిరిగి తగ్గించినది. 5 లక్షల 40 వేల బాకీ మీద రెండున్నర శాతం పెరుగుదల అంటే మొదటి ఏడాదికే సుమారు 13,500 రూపాయల అదనపు వడ్డీ. పెరిగినప్పుడు వాయిదా మొత్తాన్ని మార్చకుండా సంవత్సరాలను పొడిగించడం బ్యాంకులకు అలవాటు. ఋణగ్రహీతకు ఆ సంగతి తెలియదు.

2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ఈ విషయంలో మనకు ఆయుధం. రేటు మారినప్పుడు వాయిదాపై, కాలపరిమితిపై దాని ప్రభావాన్ని ఋణగ్రహీతకు తెలియజేయాలి. వాయిదా పెంచాలా, కాలం పొడిగించాలా అన్నది ఎంచుకునే అవకాశం అతనికి ఇవ్వాలి. ఇంతవరకు వసూలైన అసలు ఎంత, వడ్డీ ఎంత, మిగిలిన వాయిదాలు ఎన్ని అన్న వివరం ప్రతి మూడు నెలలకు అందుబాటులో ఉంచాలి. అదే రోజు వెలువడిన మరొక ఉత్తర్వు ప్రకారం వాయిదా తప్పినందుకు అపరాధ వడ్డీ వేయరాదు. రుసుము మాత్రమే వేయవచ్చు, ఆ రుసుమును అసలులో కలిపి దానిపై వడ్డీ వసూలు చేయరాదు. 2024 అక్టోబరు 1 నుండి కొత్త ఋణాలకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వడం తప్పనిసరి అయినది. ఆ పత్రం ఋణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలన్నది నియమం. తెలుగు కార్మికునికి తెలుగులో ఇవ్వమని అడగడం దయాభిక్ష కోరడం కాదు, హక్కు కోరడం.

ప్రభుత్వం భరించే వడ్డీ

2009–10 విద్యా సంవత్సరం నుండి కేంద్ర ప్రభుత్వ వడ్డీ రాయితీ పథకం అమలులోనికి వచ్చింది. కుటుంబ వార్షికాదాయం 4 లక్షల 50 వేలకు మించనివారు దేశంలో గుర్తింపు పొందిన సంస్థలలో వృత్తి, సాంకేతిక విద్య చదివితే, విరామకాలపు వడ్డీ మొత్తాన్ని ప్రభుత్వం భరిస్తుంది. మన ఉదాహరణలో ఆ 1 లక్ష 40 వేలు పూర్తిగా తొలగిపోతాయి. ఇంత మేలు చేయగల ఈ పథకం చాల ఇళ్ళకు చేరడం లేదు. అధీకృత అధికారి ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రాన్ని బ్యాంకుకు సమర్పించాలి, రాయితీ కోరవలసినది బ్యాంకు ద్వారానే. పత్రం అందలేదంటే రాయితీ లేదు. చదువు మధ్యలో మానివేసినవారికి, అనారోగ్యం వంటి కారణం ఉంటే తప్ప, రాయితీ దక్కదు.

2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించినది. ఎంపిక చేసిన సంస్థలలో చేరినవారికి తనఖా లేని ఋణం, 8 లక్షల లోపు ఆదాయం గల కుటుంబాల విద్యార్థులకు 10 లక్షల వరకు ఋణంపై విరామకాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఇందులో ఉన్నవి. ఈ రాయితీ ఏటా లక్షమంది విద్యార్థులకు మాత్రమే. మన ఉదాహరణలో 3 శాతం అంటే 1 లక్ష 40 వేలలో 42 వేలు ప్రభుత్వానిది, 98 వేలు విద్యార్థిది.

4 లక్షల 50 వేల పరిమితి గురించి మాత్రం ఊరుకోలేము. 2009లో నిర్ణయించిన ఈ అంకె 2024లో కొత్త పథకం వచ్చేనాటికి కూడ మారలేదు. నెలకు 37,500 రూపాయలు. భార్యాభర్తలిద్దరూ పని చేసే ఇంట్లో కరువు భత్యం పెరుగుదలతోనే ఈ గీత దాటిపోతారు. ధరలకు తగినట్లు పెరిగిన వేతనాన్ని నిజమైన పెరుగుదలగా లెక్కించి రాయితీ తీసివేయడం అన్యాయం. ఆదాయపు పన్నులో వడ్డీకి మినహాయింపు ఉన్నదని కొందరంటారు. అది పాత పన్ను విధానం ఎంచుకున్నవారికి, ఎనిమిది సంవత్సరాల వరకు మాత్రమే వర్తిస్తుంది. పన్ను కట్టేటంత ఆదాయమే లేని కుటుంబానికి అది పనికిరాదు.

వాయిదా తప్పినప్పుడు

90 రోజులు బాకీ నిలిచిపోతే ఖాతాను నిరర్థక ఖాతాగా వర్గీకరిస్తారు. విద్యార్థి పేరుతో పాటు సహ ఋణగ్రహీత పేరు కూడ పరపతి సమాచార సంస్థల రికార్డులకు ఎక్కుతుంది. అందువలన ఉద్యోగం రాలేదన్న సంగతిని 90 రోజులు గడిచాక కాదు, మొదటి వాయిదాకు ముందే వ్రాతపూర్వకంగా బ్యాంకుకు తెలిపి గడువు కోరాలి, రసీదు తీసుకోవాలి. వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత ఫోను చేయరాదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజులలో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దానికి రుసుము లేదు.

కౌంటరు వెనుక కూర్చున్న ఉద్యోగి మన శత్రువు కాడన్న మాట కూడ మరవరాదు. సిబ్బంది కొరతతో సతమతమవుతున్న ఆయన కూడ కార్మికుడే. బ్యాంకు ఉద్యోగుల సంఘాల సహకారంతో ప్రతి పట్టణంలోను నెలకొక రోజు విద్యా ఋణ సలహా శిబిరం పెట్టవచ్చు. సభ్యుడు ఖాతా వివరాల కాగితం తెస్తే చాలు, ఏ తేదీన ఎంత విడుదలైనదో, వడ్డీ ఎట్లా వేశారో అక్కడే లెక్క కట్టి చూడవచ్చు.

మన కోర్కెలు

2020లో కరోనా కాలాన మార్చి 1 నుండి ఆగస్టు 31 వరకు వాయిదాలకు విరామమిచ్చారు. ఆ కాలానికి వడ్డీ మీద వడ్డీ వసూలు చేయరాదని 2021 మార్చి 23న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఉద్దేశపూర్వకంగా ఎగవేసినవారి మీద వేయదగిన భారాన్ని, అనుమతితో వాయిదా ఆపుకున్నవారి మీద వేయడం న్యాయం కాదన్నది దాని సారాంశం. ఆ తీర్పు ఆ కాలానికే పరిమితం. కాని అందులోని న్యాయసూత్రం విద్యార్థికి ఎందుకు వర్తించరాదని మనం అడుగుతున్నాము. చదువుకుంటున్న బిడ్డ ఎగవేతదారు కాడు. విరామం ఇచ్చినది పథకమే.

కనుక మన మొదటి కోర్కె: విరామకాలపు వడ్డీని అసలులో కలపరాదు. దానిని విడిగా ఉంచి వాయిదాలలో పంచాలి. మన ఉదాహరణలో 1 లక్ష 40 వేలను 120 నెలలకు పంచితే నెలకు 1,167 రూపాయలు. అసలు వాయిదా 5,286తో కలిపి 6,453. ఇప్పటి 7,136తో పోలిస్తే నెలకు 683 రూపాయల ఊరట. బ్యాంకు తన వడ్డీలో ఒక్క రూపాయి కోల్పోదు, వడ్డీ మీద వడ్డీ మాత్రమే వదులుకుంటుంది.

రెండవది: రాయితీ ఆదాయ పరిమితిని ధరల సూచికతో ముడిపెట్టి ఏటా సవరించాలి. మూడవది: ఉద్యోగం దొరికి, జీవించదగిన వేతనం వచ్చేవరకు వాయిదాలు ప్రారంభించరాదు. నాలుగవది: ముఖ్య వివరాల పత్రం రాష్ట్ర భాషలో అడగకుండానే ఇవ్వాలి. వీటన్నిటి వెనుక ఉన్న మూల కోర్కె పాతదే. ప్రభుత్వ విద్యాసంస్థలను బలపరచి, కార్మికుని బిడ్డ అప్పు లేకుండా చదువుకోగల పరిస్థితి తేవాలి.

ఆ కోర్కెలు నెరవేరే వరకు లెక్క నేర్చుకుని, నేర్పడం మన కర్తవ్యం. ఇక్కడి నుండి వెళ్ళిన ప్రతి కార్యకర్త తన శాఖలో విద్యా ఋణమున్న సభ్యుల జాబితా తయారుచేయాలి. అందులో ఆదాయ ధ్రువపత్రం ఇవ్వనివారు ఎవరో, ఈ సంవత్సరం విరామకాలం ముగియనున్నవారు ఎవరో ముందుగా గుర్తించాలి. వడ్డీ అసలుగా మారే రోజుకు ముందే వారి ఇంటికి వెళ్ళాలి. ఆ రోజు దాటిన తరువాత చెప్పగలిగేది తక్కువ.